పున్నారావు గారి బాబాయి

రేపల్లె స్టేషన్లో దిగి బజారు వైపు నడిస్తే కుడిచేతి పక్క ఒక రైసు మిల్లు ఉండేది. ఆ మిల్లులో ఇంజను డ్రైవరు వీరరాఘవయ్య. పాపం, ఎవరికీ చెడు తలపెట్టని మనిషి అని ఆయన పోయాక ఊళ్ళో అందరూ అన్నారు. చచ్చినవాళ్ళ గురించి అలాగే అంటారు లెండి. తలపెట్టకపోవడం నిజమే. చెయ్యలేదంటే మాత్రం నేనొప్పుకోను.

ఆయనది కర్లపాలెం. తండ్రినాడు రెండెకరాల మాగాణి ఉండేది. అన్నదమ్ముల వ్యాజ్యంలో అది కాస్తా ప్లీడర్ల పాలైంది. పొలం పోయింది గాని రైతునన్న బింకం పోలేదు. ఇంకొకరి చేలోకి కూలికి వెళ్ళమంటే, 'మనమేంటి, కూలేంటి' అని అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూర్చునేవాడు. లోపల చూస్తే పొయ్యిలో పిల్లి లేవదు. ఆయన భార్య వెంకటరత్నమ్మ నోరున్న మనిషి. "మీ బింకం ఎసట్లో వేస్తే ఉడకదు, నడవండి" అని ఒకనాడు మూటాముల్లె సర్దేసింది. అలా యాభై ఎనిమిదిలో రేపల్లె చేరి, పున్నారావు మిల్లులో పనికి కుదిరాడు.

పున్నారావుది వీళ్ళ కులమే. మిల్లు తండ్రి పేరు మీదున్నా పెత్తనమంతా ఇతనిదే. వయసులో పదేళ్ళు చిన్న. చేరిన రోజునే "బాబాయ్" అన్నాడు. వరస లేకపోయినా వరస కలిపి పిలవడం మన వైపు మర్యాద. జట్కావాణ్ణి అన్నాయ్ అంటాం, కూరగాయలామెను పిన్నీ అంటాం. అన్నందుకు పైసా ఖర్చు లేదు. పున్నారావుకి ఖర్చు లేని మర్యాదలంటే మహా ఇష్టం.

వీరరాఘవయ్య మాత్రం ఆ పిలుపుని నెత్తిన పెట్టుకున్నాడు. ఇంజను దగ్గర గ్రీజు పూసుకుని నిలబడ్డ మనిషికి, 'నేను ఇక్కడ పనోణ్ణి కాదు, యజమానికి బాబాయిని' అనుకుంటే కొంచెం ఊపిరాడేదేమో. అక్కడితో ఆగినా బాగుండును.

అరవై రెండు వేసవిలో, గుంటూరు నుంచి ఫండు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని మిల్లర్లలో గగ్గోలు బయల్దేరింది. ఇరవైమంది పనిచేసే చోట యజమాని ప్రావిడెంటు ఫండు కట్టాలని చట్టం. పనివాడి జీతంలో కొంత కోసి, తన జేబులోంచి అంతే కలిపి, సర్కారు దగ్గర దాచాలి. ముసలితనంలో అది పనివాడి సొమ్ము. మంది పందొమ్మిదికి మించకపోతే ఆ చట్టం మిల్లు గడప తొక్కదు. పున్నారావు మిల్లులో సరిగ్గా ఇరవైమంది. ఒకణ్ణి తీసేద్దామంటే పని సాగదు, ఉంచుదామంటే ప్రాణం ఒప్పదు.

ఇన్‌స్పెక్టరు తెనాలి నుంచి వచ్చే పాసింజర్లో దిగాడని స్టేషను దగ్గర జట్కావాడు పరుగెత్తుకొచ్చి చెప్పాడు. పున్నారావు కాసేపు అటూ ఇటూ తిరిగి, ఇంజను షెడ్డులోకి తొంగిచూశాడు.

"బాబాయ్, ఇంజనాపి ఇట్రా. కిరసనాయిలుతో చేతులు కడుక్కో. ఇదిగో, నా తెల్ల పంచె కట్టుకో, ఈ కండువా వేసుకో. ఆఫీసులో నా పక్క కుర్చీలో కూర్చో."

"ఎందుకు బాబూ?"

"ఎవరన్నా అడిగితే నువ్వు మా బాబాయివి. కర్లపాలెం నుంచి చూసిపోదామని వచ్చావు. అంతే."

నాలుగేళ్ళుగా ఆ ఆఫీసు గదిలో చేతులు కట్టుకు నిలబడ్డమే గాని కూర్చుని ఎరగడు. ఇప్పుడు కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరుకిచ్చినలాంటి గ్లాసులోనే ఆయనకీ కాఫీ వచ్చింది. పున్నారావు "తాగు బాబాయ్" అని తన చేత్తో అందించాడు. ఆ కాఫీ రుచి వీరరాఘవయ్య చచ్చేదాకా మర్చిపోలేదు. ఇన్‌స్పెక్టరు మిల్లంతా తిరిగి మనుషుల్ని లెక్కపెట్టుకున్నాడు. పందొమ్మిదిమంది తేలారు.

పోతూ పోతూ ఆయన వీరరాఘవయ్య వేళ్ళకేసి చూశాడు. "మీ బాబాయి గారి గోళ్ళకి గ్రీజుందేంటండీ?"

"ఆయనకి ఇంజన్లంటే పిచ్చండి. ఎక్కడ కనపడ్డా చెయ్యి పెట్టకుండా ఉండడు" అని పున్నారావు పకపకా నవ్వాడు. వీరరాఘవయ్య కూడా నవ్వాడు. పై ఊరి చుట్టమని రాసిన కాగితం మీద సంతకం కూడా చేశాడు. ఇన్‌స్పెక్టరు సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి ఈ ముచ్చటంతా భార్యకి చెప్పుకున్నాడు, ఏదో ఘనకార్యం చేసినట్టు. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. విని, చేట కింద పెట్టింది.

"బాబాయంటనా? మరి వాటా అడగలేకపోయారా? బాబాయంటే మిల్లులో సగం రావాలి గదా. పాపం, పున్నారావు గారికి గుర్తులేదేమో, గుర్తుచెయ్యండి."

"నీకన్నీ వెటకారాలే."

"వెటకారం కాదండీ. మీ నోటి ముందు కూడు మీ చేత్తోనే తీయించాడు. పైగా కాఫీ పోశాడు. మీరు చప్పరించుకుంటూ వచ్చారు. మీ బాబాయితనం తగలెయ్య!"

ఆయన చెవికెక్కించుకోలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అని మనకో సామెతుంది. వీరరాఘవయ్యకి ఆ సామెత రాదని కాదు. తనకి వర్తించదనుకున్నాడు.

మిల్లులో మిగిలినవాళ్ళు ఊరుకుంటారా? బాయిలరు దగ్గర మంట వేసే జకరయ్య మర్నాడే ఇంజను షెడ్డుకొచ్చాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, ఆ రోజు పెంచాడు.

"ఏమండీ బాబాయి గారూ, కుర్చీ మెత్తగా ఉందా?"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకురా జకరయ్యా?"

"దురద మాకుందండి, అందుకే అడుగుతున్నా. ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టగలరా మీ పున్నారావు గారు? నన్ను చూపించి మా బాబాయని చెప్పగలరా? చెప్పినా ఆ ఇన్‌స్పెక్టరు నమ్ముతాడా? మా పల్లెలో వాళ్ళెవరూ దానికి పనికిరారు. మీరొక్కరే పనికొస్తారు. మీరు లేచి 'నేనూ పనోణ్ణేనండి' అని ఒక్క మాటంటే, అందరికీ ముసలితనంలో గంజి దొరుకుద్ది."

"అంటే నా ఉద్యోగం ఊడుద్ది."

"ఉద్యోగం కోసమేనాండీ? కాఫీ కోసం కాదూ?"

వీరరాఘవయ్య చేతిలో ఉన్న నూనె గుడ్డ విసిరికొట్టాడు. జకరయ్య మొహం మీద తగిలింది. జకరయ్య తుడుచుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి మిల్లులో ఎవరూ వీరరాఘవయ్యతో పనికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. వెనక మాత్రం 'బాబాయి గారొచ్చారు', 'బాబాయి గారు దగ్గారు' అని నవ్వుకునేవాళ్ళు.

ఇన్‌స్పెక్టర్లు మారారు. కుర్చీ మారలేదు, కుర్చీలో మనిషీ మారలేదు. కండువా ఒకటి ఆఫీసు గోడకి మేకు కొట్టి శాశ్వతంగా తగిలించారు. రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి దాని దుమ్ము దులపడం, బాబాయి కూర్చోవడం, కాఫీ రావడం. మధ్యలో పున్నారావు కూతురి పెళ్ళయింది. వీరరాఘవయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్యని బలవంతాన బయల్దేరదీసి వెళ్ళాడు. పందిట్లో చుట్టాల వరసలో కూర్చోబోతుంటే పున్నారావు చూశాడు. దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"బాబాయ్, గాడిపొయ్యి దగ్గర మనవాడంటూ ఒకడు లేడు. వంటవాళ్ళు నెయ్యి డబ్బాలు లేపేస్తున్నారు. కాస్త కనిపెట్టుకుని ఉండు."

మూడు బంతులు లేచేదాకా ఆ పొగలో నిలబడ్డాడు. ఆఖరికి బస్తాలు మోసే ముఠావాళ్ళతో కలిసి ఆకు ముందు కూర్చున్నాడు. వెంకటరత్నమ్మ ఒక్క మెతుకు ముట్టుకోకుండా ఇంటికి నడిచింది. దారి పొడుగునా మొగుణ్ణి కడిగి ఆరేసింది. "సొంత మనిషనే గదా నెయ్యి నాకు అప్పజెప్పాడు" అని ఆయన సమర్థించుకోబోయాడు. అంత బుద్ధిహీనుడికి ఏం చెప్తాం? ఆమెకీ ఓపిక చచ్చి ఊరుకుంది.

డెబ్భై ఒకటిలో చట్టానికి ఇంకో కొమ్మ మొలిచింది. ఫండులో ఉన్న పనివాడు కొత్త స్కీములో కూడా చేరితే, పనిలో ఉండగా ప్రాణం పోతే, పెళ్ళానికి నెలనెలా పెన్షను. ఫ్యామిలీ పెన్షనన్నారు దాన్ని. పున్నారావు మిల్లుకి మొదటి చట్టమే రానప్పుడు రెండోది ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ మరుసటి ఏడు సీమోను పోయాడు. ముఠాలో చేవగల మనిషి. ఒకదాని మీదొకటి పేర్చిన ధాన్యం నెట్టు జారి బస్తాలు మీద పడ్డాయి. పున్నారావు శవం మీదికి ఒక కొత్త గుడ్డ, ఇంటికి ఒక బస్తా నూకలు పంపి చేతులు దులుపుకున్నాడు. సీమోను భార్య రిబ్కా ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని మిల్లు గేటు దగ్గర పొద్దున్నుంచీ కూర్చుంది. "ఇంకా ఏంటమ్మా? ఇచ్చాం గదా" అని గుమస్తా కసిరాడు. ఆమె చివరికి వేటపాలెం జీడిపప్పు షెడ్లలో పనికి వెళ్ళిపోయింది.

అదే రోజుల్లో బాపట్లలో వెంకటరత్నమ్మ చెల్లెలు వసుంధర భర్త కూడా పోయాడు. ఆయనా మిల్లు మనిషే. కాకపోతే ఆ యజమాని చట్టానికి భయపడి ఫండు కట్టినవాడు. చెల్లెల్ని పలకరించడానికి వెళ్ళినప్పుడు వెంకటరత్నమ్మ కళ్ళారా చూసింది. పోస్టుమాను గుమ్మంలోకి వచ్చి పెన్షను చేతిలో పెట్టి పోయాడు. పెద్ద సొమ్మేం కాదు, బియ్యానికీ ఉప్పుకీ సరిపోతుంది. వసుంధర ఒకరి గేటు ముందు కూర్చోనక్కర్లేదు.

ఇంటికొచ్చాక వెంకటరత్నమ్మ కేకలెయ్యలేదు. అదే వీరరాఘవయ్యకి కొత్తగా ఉంది.

"చెల్లెలూ మొగుణ్ణి పోగొట్టుకుంది, రిబ్కా పోగొట్టుకుంది. మీకు రాత్రుళ్ళు ఆయాసం వస్తోంది. ఆ తౌడు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరింది. నేను ఎవరిలా బతకాలో చెప్పండి."

ఆయన మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. ఎదురు చెప్పలేదంటే మారాడని కాదు. ఆ తర్వాత ఇంకోసారి ఇన్‌స్పెక్టరు వస్తే, దగ్గుకుంటూనే వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. సిగ్గులేని జన్మ! కాకపోతే కాఫీ మాత్రం తాగలేకపోయాడట. గ్లాసు నోటి దాకా వెళ్ళి, దగ్గు తెర వచ్చి, ఒలికిపోయిందట.

సీమోను చావు జకరయ్య మర్చిపోలేదు. డెబ్భై అయిదులో గుంటూరు ఫండు ఆఫీసుకి ఒక ఫిర్యాదు కార్డు రాయించాడు. ఈసారి ఇన్‌స్పెక్టరు రాలేదు, విచారణకి రమ్మని కబురొచ్చింది. తెనాలి ట్రావెలర్స్ బంగళాలో ఆఫీసరు కూర్చుంటాడు. యజమాని రావాలి, ఫిర్యాదు చేసినవాడు రావాలి, వీరరాఘవయ్య అనే మనిషి కూడా రావాలి.

కబురొచ్చిన సాయంత్రం పున్నారావు వీళ్ళింటికి వచ్చాడు. పదిహేడేళ్ళలో ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. చేతిలో బత్తాయిల సంచి.

"బాబాయ్, ఈ ఒక్కసారీ గట్టెక్కించు. ఇన్నేళ్ళ బకాయి నెత్తిన రుద్దుతారు. మిల్లు మూతపడుద్ది. నువ్వు నా మనిషివని చెప్పు చాలు. రేపు నీకేదన్నా అయితే పిన్నిని నేను చూసుకోనా?"

"సీమోను పెళ్ళాన్ని చూసుకున్నట్టేనా బాబూ?" అంది వెంకటరత్నమ్మ తలుపు వెనక నుంచి.

పున్నారావు మొహం గంటు పెట్టుకున్నాడు. "ఆడవాళ్ళు మధ్యలోకి రాకూడదు పిన్నీ. చూడు బాబాయ్, మాట తప్పావంటే ఇంజను దగ్గర ఇంకొకణ్ణి పెట్టుకోవడం నాకు నిమిషం పని. ఆయాసం మనిషిని ఇన్నాళ్ళు ఉంచుకోవడమే ఎక్కువ."

బత్తాయిలు వదిలేసి పోయాడు. వెంకటరత్నమ్మ సంచీ తీసుకెళ్ళి వీధిలో బోర్లించింది. వీరరాఘవయ్య మంచం పట్టె పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. బెదిరించినందుకు కాదు ఆయనకి దెబ్బ తగిలింది. 'ఉంచుకోవడం' అన్నాడు. గొడ్డునో గోదానో అన్నట్టు.

విచారణ నాడు అందరూ ఒకే రైలెక్కారు గాని ఒకే పెట్టెలో ఎక్కలేదు. పున్నారావు ఫస్టు క్లాసు, జకరయ్య ఒక చివర, వీరరాఘవయ్యా భార్యా ఇంకో చివర. తెనాలి బంగళాలో ఆఫీసరు కళ్ళజోడు సవరించుకుని పాత కాగితాలు తిరగేశాడు.

"ఈయన మీ మిల్లులో పనిచేస్తున్నాడని ఫిర్యాదు. ఏమంటారు?"

"ఛ ఛ, పనివాడేంటండీ? మా బాబాయండి. ఇంటి మనిషి. పొద్దుపోక మిల్లులోకి వచ్చి కూర్చుంటాడు. ఆ జకరయ్యకి నా మీద కక్ష. మీ ఇన్‌స్పెక్టర్లందరూ ఈయన్ని చూశారు, రాసుకున్నారు. బాబాయి సంతకం కూడా ఉంది చూడండి."

ఆఫీసరు వీరరాఘవయ్య వైపు తిరిగాడు. "నిజమేనా? మీరు ఈయన బాబాయేనా?"

కాదంటే ఉద్యోగం పోతుంది, ఇన్నాళ్ళూ తాను పెట్టిన సంతకాలే తన్ను అబద్ధాలకోరంటాయి. అవునంటే జకరయ్య నోట్లో మట్టి, తాను పోయిన నాడు వెంకటరత్నమ్మ రిబ్కాలాగే మిల్లు గేటు ముందు. భార్య వైపు చూశాడు. ఆమె చూపు తిప్పేసుకుంది. మొదటి కాఫీ తాగొచ్చిన నాడు ఆమె అన్న మాటొకటి, తాను చెవికెక్కించుకోనిది, అప్పుడు ఆయనకి గుర్తొచ్చింది.

"అవునండి, బాబాయినే" అన్నాడు.

జకరయ్య పళ్ళు నూరాడు. పున్నారావు కుర్చీలో వెనక్కి వాలాడు.

"వీళ్ళ నాన్న గారు మా అన్నయ్యండి" అని అందుకున్నాడు వీరరాఘవయ్య. దగ్గు ఆపుకుని, ఒక్కో మాటే పేర్చాడు. "మిల్లు ఆయన పేరు మీదే ఉంది. అన్నయ్య పోయి తొమ్మిదేళ్ళయింది. అన్నదమ్ముల ఆస్తి గదండీ. నాకింతవరకు వాటా పంచి ఇవ్వలేదు. తమరు రాసుకోండి, మిల్లులో సగం నాది. ఇళ్ళ స్థలంలో కూడా. అబ్బాయి నోటితోనే ఒప్పుకున్నాడు, తమరు విన్నారు."

పున్నారావు కుర్చీ వెనక్కి పడింది.

"వాటానా! ఏంట్రా, నీకు వాటానా! తిండికి లేక కర్లపాలెం నుంచొస్తే జాలిపడి ఇంజను తుడిచే పని ఇచ్చాను. నెలనెలా జీతం పారేస్తున్నా, అది మింగుతూ నాకే ఎసరు పెడతావా? కూలి వెధవా! నువ్వెవడివి, మా నాన్న ఎవడు? నీకూ నాకూ చుట్టరికమేంట్రా?"

ఆఫీసరు కలం ఆగకుండా నడుస్తోంది. పున్నారావు దాని చప్పుడు విని టక్కున నోరు మూసుకున్నాడు. మూసుకుంటే ఏం లాభం?

"ఇంజను తుడిచే పని, నెలనెలా జీతం. చాలండీ" అన్నాడు ఆఫీసరు. "ఇంతకీ ఈయన మీకేమవుతారు, వీరరాఘవయ్య గారూ?"

"ఏమీ అవడండి. నేను పనోణ్ణి."

అరవై రెండు నుంచే మిల్లు చట్టం కిందికి వస్తుందని, వెనకటి బాకీ అంతా యజమాని కట్టాల్సిందేనని ఆఫీసరు అక్కడే చెప్పాడు. కేసు నడుస్తుండగా ఎవర్నన్నా పనిలోంచి తీస్తే ఆ సంగతీ చూస్తానన్నాడు. వీరరాఘవయ్య పేరు స్కీములోకి ఎక్కుతుంది, ఆయన తర్వాత పెన్షను వెంకటరత్నమ్మకి. ఆమె కొంగుతో మొహం ఒత్తుకుంది.

జకరయ్య మాత్రం కదల్లేదు. "సీమోనుకండీ?"

"ఆయన పేరు మీద రావలసిన ఫండు ఇంటివాళ్ళకి ఇప్పిస్తాం. నెలనెలా పెన్షను మాత్రం రాదయ్యా. బతికుండగా ఆ స్కీములో చేరిన వాళ్ళకే అది."

బయటికొచ్చాక జకరయ్య వీరరాఘవయ్యకి ఎదురొచ్చి నిలబడ్డాడు. "ఇవాళ బాగా చెప్పారు. కాదనను. ఇదే మాట మొదటి రోజే చెప్పుంటే రిబ్కా ఇల్లు నిలబడేది. ఆవిడకి నేను చెప్పను. మీరే చెప్పండి." అనేసి రేపల్లె బండెక్కాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

వీరరాఘవయ్య రేపల్లె బండి ఎక్కలేదు. బాపట్ల వైపు పోయే పాసింజరు రాగానే ఎక్కి కూర్చున్నాడు. "ఇటేంటండీ?" అని భార్య అడిగితే, "వేటపాలెం" అన్నాడు. ఆమె కూడా ఎక్కింది. ఇన్నేళ్ళకి మొగుడి పక్కన నోరు మెదపకుండా కూర్చుంది.

జీడి షెడ్డు కనుక్కుని వెళ్ళేసరికి రిబ్కా పనిలో ఉంది. కేకేస్తే బయటికి వచ్చింది. జీడి రసం తగిలి చేతులు నల్లగా పొక్కి ఉన్నాయి. వీళ్ళని గుర్తుపట్టింది. కూర్చోమని అనలేదు.

"అమ్మా, సీమోను ఫండు డబ్బు వస్తుంది. కొంచెం ఆలస్యమవుద్ది. నెలనెలా పెన్షను మాత్రం..." ఆయన భార్య వైపు చూశాడు.

"రాదమ్మా" అంది వెంకటరత్నమ్మ. "ఈయన వల్లే రాదు."

రిబ్కా ఆయన్ని కిందనుంచి పైకి ఒకసారి చూసింది.

"మీరు పున్నారావు గారి బాబాయి గదండీ?"

"కాదమ్మా. నేనూ మీలాగే మిల్లు పనోణ్ణి."

"ఆ సంగతి మా అందరికీ ఎప్పుడో తెలుసండి. మీకే ఇవాళ తెలిసినట్టుంది" అని, పని ఆగిపోతోందని లోపలికి వెళ్ళిపోయింది.